సొంత కారుతో విదేశీ రోడ్ల మీద: ఏళ్ల వాడకంలో అక్కరకొచ్చినవి, రానివి

సొంత కారును పరాయి దేశాల్లో నడిపేటప్పుడు వెంట ఉంచుకోవాల్సిన కాగితాలను, పరికరాలను చాలా ఏళ్లుగా వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. అద్దె కారు సంగతి వేరు. దాని పత్రాలు, బీమా, టోల్ చెల్లింపుల ఏర్పాటు చాలావరకు అద్దెకు ఇచ్చినవాళ్లే చూసుకుంటారు. సొంత కారు విషయంలో ఆ పూచీ మొత్తం నడిపేవారి మీదే పడుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరికరాల పెట్టె మీద చూపే శ్రద్ధలో సగం కూడా చాలామంది కాగితాల మీద చూపరు, కానీ సరిహద్దు దగ్గర కారును ఆపేది దాదాపు ఎప్పుడూ కాగితమే.

ముందుగా అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. ఇది విడిగా చెల్లే లైసెన్సు కాదు, మన లైసెన్సుకు తోడుగా ఉండే అనువాద పత్రం మాత్రమే. అసలు లైసెన్సు జేబులో లేకపోతే దీనికి విలువ లేదు. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఈ పర్మిట్‌లో ఒకటి కంటే ఎక్కువ రకాలున్నాయి. 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది ఏడాది పాటు చెల్లుతుంది, 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్ల వరకు చెల్లుతుంది. ఒక దేశం గుర్తించే రకాన్ని పక్క దేశం గుర్తించకపోవచ్చు. జపాన్ 1949 నాటి దాన్నే ఒప్పుకుంటుంది. అందుకే దారిలో తగిలే ప్రతి దేశం ఏ ఒప్పందంలో ఉందో చూసుకుని, అవసరమైతే రెండు రకాలూ తీసుకోవడం మంచిది. లైసెన్సు ఇచ్చిన దేశంలోనే ఈ పర్మిట్ కూడా తీసుకోవాలి కాబట్టి బయలుదేరాక గుర్తొస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు.

కారు రిజిస్ట్రేషన్ పత్రం అసలుదే ఉండాలి, నకలుతో సరిపెట్టుకోవచ్చని ఎవరు చెప్పినా నమ్మవద్దు. కారు మరొకరి పేరు మీదో, సంస్థ పేరు మీదో, లీజులోనో ఉంటే యజమాని సంతకంతో అనుమతి పత్రం కావాలి. భార్య పేరున ఉన్న కారును భర్త నడుపుతున్నా కొన్ని సరిహద్దుల్లో ఇదే అడుగుతారు.

ఇక కార్నే ద పసాజ్ అనే కస్టమ్స్ పుస్తకం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను వాడిన వాటన్నిటిలో ఎక్కువ ఖర్చయినదీ, ఎక్కువ జాగ్రత్త కోరేదీ ఇదే. కారును ఆ దేశంలో అమ్మకుండా వెనక్కి తీసుకెళ్తామనే హామీ ఇది. ఏడాది పాటు చెల్లుతుంది. అంతర్జాతీయ మోటారు సమాఖ్యలకు అనుబంధంగా ఉన్న ఆటోమొబైల్ సంఘాలు డిపాజిట్ గానీ బ్యాంకు పూచీకత్తు గానీ తీసుకుని దీన్ని ఇస్తాయి. యూరప్‌లో తిరగడానికి దీని అవసరం రాదు. ఈజిప్టు, ఇరాన్, పాకిస్తాన్, ఆస్ట్రేలియా వంటి చోట్ల ఇది ఉండాలి. ఒక్కో పేజీలో మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఒక ముక్క చింపుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు మరొకటి చింపుకుంటారు, రెండు ముద్రలూ పడిన మూడో ముక్క పుస్తకంలోనే మనకు మిగులుతుంది. బయటికి వచ్చిన ముద్ర పడకపోతే, కారు ఆ దేశంలోనే ఉండిపోయిందని లెక్కవేసి సుంకం అడుగుతారు, అది డిపాజిట్‌కు ఎసరు పెడుతుంది. రాత్రివేళ రద్దీగా ఉన్న చెక్‌పోస్టులో అలసిపోయిన అధికారి మర్యాదగా చెయ్యి ఊపి పొమ్మన్నా సరే, ముద్ర పడిందని కళ్లతో చూసేదాకా అక్కడి నుంచి కదలకూడదన్నది నేను మొదటి నుంచీ పాటిస్తున్న నియమం.

బీమా విషయానికి వస్తే, యూరప్‌లోనూ దాని చుట్టుపక్కలా నలభైకి పైగా దేశాల్లో, మన కారు బీమా అక్కడా చెల్లుతుందని చూపే గ్రీన్ కార్డు పద్ధతి 1953 నుంచి నడుస్తోంది. పేరుకు పచ్చ కార్డే గానీ 2020 నుంచి తెల్ల కాగితం మీద ముద్రించినదీ చెల్లుతోంది. ఆ కార్డు మీద దేశాల సంకేతాక్షరాలు గళ్లలో ఉంటాయి. ఏ గడి మీద కొట్టివేత గీత ఉంటే ఆ దేశంలో ఆ కార్డు పనిచేయదు. చేతికి అందగానే ఆ గళ్లు చూడాలి. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో ఎల్లో కార్డు, పశ్చిమాఫ్రికాలో బ్రౌన్ కార్డు ఇలాంటివే. అయితే ఇవన్నీ ఎదుటివారికి కలిగిన నష్టానికే పూచీ పడతాయి. మన కారుకు జరిగే నష్టానికి, దారిలో బండి ఆగిపోతే మోసుకెళ్లే సేవకు పాలసీ విదేశాల్లోనూ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోవాలి. ఫోన్‌లో ఇచ్చిన మాట ప్రమాదం జరిగినచోట ఎందుకూ పనికిరాదు.

యూరప్‌లో వాడే ఉమ్మడి ప్రమాద నివేదిక ఫారం నా దృష్టిలో ఈ మూటలో అతి చవకైన, అతి విలువైన వస్తువు. ఏ భాషలో ముద్రించినా గళ్ల వరస, అంకెలు ఒకటే కాబట్టి, ఇద్దరు డ్రైవర్లు ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా నింపగలరు. ప్రమాదం ఎలా జరిగిందో చెప్పే 17 గళ్లు, బొమ్మ గీయడానికి చోటు ఉంటాయి. ఒప్పుకోని విషయం కింద సంతకం చేయకుండా ఉండడం ఎంత ముఖ్యమో, సంతకం చేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని తెలుసుకోవడమూ అంతే ముఖ్యం.

కారు వెనుక దేశాన్ని తెలిపే అక్షరాల స్టిక్కర్ చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ పోలీసులు ఆపడానికి అది చాలు. అండాకారపు తెల్ల నేల మీద నల్ల అక్షరాలుండాలి. బ్రిటన్ 2021 సెప్టెంబరు 28న తన గుర్తును జీబీ నుంచి యూకేకు మార్చుకోవడంతో అక్కడి కార్ల పాత స్టిక్కర్లన్నీ ఒక్క రోజులో పనికిరాకుండా పోయాయి. నంబరు ప్లేటు మీద అంకెలూ అక్షరాలూ వేరే లిపిలో ఉంటే లాటిన్ అక్షరాల ప్లేటు కూడా తగిలించుకోవాలి.

ఇప్పుడు పరికరాలు. అన్నీ కలిపి ఒకే సంచిలో అమ్మే కిట్‌ను కొన్నాను, మెచ్చుకోలేను. అందులోని హెచ్చరిక త్రికోణం లారీ పక్కనుంచి వెళ్తే చాలు పడిపోయేది. బరువైన కాళ్లున్న త్రికోణాన్ని విడిగా కొన్నాక ఆ బాధ తప్పింది. కొనేటప్పుడు దాని మీద అంతర్జాతీయ ప్రమాణపు ముద్ర ఉందో లేదో చూడాలి. దీన్ని అన్నిచోట్లా ఒకేలా వాడకూడదు. బ్రిటన్ మోటార్‌వేల మీద దీన్ని అసలు పెట్టకూడదని అక్కడి హైవే కోడ్ చెబుతుంది, మిగతా రోడ్ల మీద కనీసం 45 మీటర్ల దూరంలో పెట్టమంటుంది. మెరిసే జాకెట్ల విషయంలో చోటే ప్రధానం. ఫ్రాన్స్‌లో అది డిక్కీలో ఉంటే చాలదు, కారు దిగకముందే తొడుక్కునేలా లోపల అందుబాటులో ఉండాలి. ఎంతమంది ఎక్కితే అన్ని జాకెట్లు సీట్ల వెనక జేబుల్లో పెట్టడం నాకు అలవాటైంది. ప్రథమ చికిత్స పెట్టెను జర్మనీ, ఆస్ట్రియాల్లో తప్పనిసరిగా అడుగుతారు, దాని మీద గడువు తేదీ ఉంటుందని మరవకూడదు. అదనపు బల్బుల సెట్ మాత్రం ఎల్‌ఈడీ దీపాలున్న కార్లలో వృథా బరువు.

ఎడమ పక్క నడిచే దేశం నుంచి కుడి పక్క నడిచే దేశానికి వెళ్లినా, అటు నుంచి ఇటు వచ్చినా హెడ్‌లైట్ల సమస్య తప్పదు. వెలుతురు మన పక్క అంచు వైపు కాస్త ఎత్తుగా పడేలా దీపాలను తయారుచేస్తారు. పక్క మారినప్పుడు ఆ ఎత్తైన వెలుతురు ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది. ఆ వెలుతురును అడ్డుకునేలా దీపం అద్దానికి అతికించే స్టిక్కర్లు పాత హాలోజన్ దీపాలకు బాగానే పనిచేశాయి, అయితే అద్దం పొడిగా, శుభ్రంగా లేకపోతే మొదటి వానకే ఊడతాయి. తిరిగొచ్చిన వెంటనే పీకేయాలి. వేడికి జిగురు గట్టిపడ్డాక పీకడం కష్టం. కొత్త కార్లలో చాలావాటికి మెనూలోనే పక్క మార్చే వీలుంది, స్టిక్కర్ కొనేముందు కారు పుస్తకం చదవడం లాభం.

కుడి చేతి స్టీరింగ్ కారుతో కుడి పక్క రోడ్డు మీద ముందున్న లారీని దాటడం ఎంత అలవాటైనా తేలిక కాదు, ఎందుకంటే లారీ పక్కనుంచి ఎదురు రోడ్డు కనబడాలంటే దూరం ఉంచి వెనకే ఉండాలి. పక్క సీట్లో ఉన్నవారి కళ్లు అప్పుడు అవసరమే, నిర్ణయం మాత్రం నడిపేవారిదే. టోల్ గేటు దగ్గర చెల్లించే కిటికీ మన వైపు ఉండదు. పొరపాటు పక్కకు వెళ్లే ప్రమాదం రద్దీలో కాదు, పెట్రోలు బంకులోంచి ఖాళీ రోడ్డు మీదికి వచ్చే మొదటి మలుపులోనే ఎక్కువ.

శీతకాలపు టైర్ల గురించి ఒక్క మాట: జర్మనీలో 2024 అక్టోబరు నుంచి మూడు శిఖరాల కొండలో మంచు రేకు గుర్తున్న టైర్లే లెక్కలోకి వస్తాయి, బురద, మంచు అని సూచించే పాత ఎం+ఎస్ అక్షరాల గుర్తు చాలదు. స్టెప్నీ లేకుండా వస్తున్న కొత్త కార్లలో పంక్చర్ ద్రావణం సీసా పక్కగోడ చిరిగిన టైరును కాపాడలేదు. దూర ప్రయాణమైతే సన్నని స్టెప్నీనైనా కొనుక్కోమంటాను.

టోల్ పద్ధతులు దేశానికొక తీరు. స్విట్జర్లాండ్ మోటార్‌వేకు 40 ఫ్రాంకుల వార్షిక రుసుము ఒక్కటే ఉంది, ఒక్క రోజు వెళ్లినా అదే. అది ముందటి డిసెంబరు 1 నుంచి తర్వాతి జనవరి 31 దాకా, అంటే 14 నెలలు చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో కొనే టోల్ అనుమతుల్లో నంబరు ప్లేటే రసీదు కాబట్టి సున్నాకూ ఓ అక్షరానికీ తేడా చూసి టైపు చేయాలి. ఇటలీ పాత నగరాల నడిబొడ్డున ఉండే పరిమిత ప్రవేశ ప్రాంతాలను కెమెరాలు కాపలా కాస్తాయి, నావిగేషన్ దారి చూపిందనే సాకు అక్కడ చెల్లదు.

వెంట తీసుకెళ్లకూడనివీ ఉన్నాయి. స్పీడ్ కెమెరాలను పసిగట్టే పరికరం ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లలో నేరం, కెమెరా ఎక్కడుందో సరిగ్గా చూపే ఫోన్ హెచ్చరికలు కూడా ఆ కోవలోకే వస్తాయి. ముందున్న రోడ్డును చిత్రీకరించే డ్యాష్‌క్యామ్ మీద ఆస్ట్రియా, పోర్చుగల్‌లలో గట్టి ఆంక్షలున్నాయి, నేను ఆ సరిహద్దుల ముందు దాన్ని ఊడదీసి డిక్కీలో పెడతాను.

రోడ్డు మర్యాదల్లో నాకు నచ్చినది జర్మనీ, ఆస్ట్రియాల్లోని దారి వదిలే నియమం. రద్దీ నెమ్మదించగానే, అంబులెన్సు ఇంకా కనబడకముందే, ఎడమ చివరి వరసలోని బండ్లు ఎడమకూ మిగతావన్నీ కుడికీ జరిగి నడుమ సందు ఉంచుతాయి. తెలియనివాడు అక్కడ ఒక్కడే అడ్డంగా నిలబడిపోతాడు. మద్యం పరిమితి చెక్, హంగరీ, స్లొవాకియాల్లో సున్నా. ఫ్రాన్స్ మోటార్‌వేల మీద గంటకు 130 కిలోమీటర్ల వేగం వానలో 110కి తగ్గుతుంది. బ్రిటన్‌లో బోర్డులు మైళ్లలో ఉంటాయి, 70 అంటే దాదాపు 112 కిలోమీటర్లు.

బంకులో గొట్టం రంగును నమ్మవద్దు. బ్రిటన్‌లో పచ్చ గొట్టం పెట్రోలుది, అమెరికాలో తరచూ డీజిల్‌ది. యూరప్‌లో 2018 అక్టోబరు నుంచి పంపు మీదా, కొత్త కార్ల ఇంధన మూత దగ్గరా ఒకే రకం గుర్తులు పెడుతున్నారు: పెట్రోలుకు వృత్తం, డీజిల్‌కు చతురస్రం, గ్యాస్‌కు వజ్రాకారం. పాత కారైతే మూత లోపలి వైపు ఆ గుర్తును మనమే అతికించుకోవచ్చు. కారు మరొకరి చేతికి ఇచ్చినప్పుడు అది బాగా పనికొస్తుంది.