సైలెన్సర్ బిగించిన తుపాకీ: ఏ ఆట పద్ధతి మేలు?

వీడియో ఆటల్లో సప్రెసర్ (సైలెన్సర్‌కే మరో పేరు) తగిలించి కాలిస్తే తుపాకీ "ఫుత్" అంటుంది, పక్క గదిలో కాపలావాడు తల కూడా తిప్పడు. అసలు లెక్క వేరు. 5.56 ఎంఎం తూటా వాడే రైఫిల్ పేలినప్పుడు గొట్టం చివర శబ్దం దాదాపు 165 డెసిబెల్స్. మంచి సప్రెసర్ అందులోంచి 25, 30 తగ్గిస్తుంది. మిగిలిన 135 కూడా తక్కువేం కాదు. ఒక్క పేలుడుతోనే చెవికి హాని జరగొచ్చని పెట్టుకున్న హద్దు 140, దానికి కాస్త దిగువన ఉంటుందంతే. 9 ఎంఎం పిస్టల్ అయితే 160 నుంచి 130 దరిదాపులకు దిగుతుంది.

అలాగని శబ్దం స్థాయి ఒక్కటే పట్టుకుని ఆటను తిట్టిపోయడం న్యాయం కాదు. హెడ్‌ఫోన్‌లో నిజంగా 165 వినిపిస్తే ఆడేవాడికి చెవులుండవు. అడుగుల చప్పుడు, మాటలు, పేలుళ్ళు అన్నీ హెడ్‌ఫోన్ ఇచ్చే ఇరుకు పరిధిలోనే సర్దాలి. అందుకని ఆటలను పోల్చేటప్పుడు రెండు సంగతులు చూడాలి: ఆ శబ్దాన్ని ఏయే ముక్కలతో కట్టారు, సప్రెసర్ పెట్టుకున్నందుకు ఆటగాడి దగ్గర ఏం వసూలు చేస్తున్నారు.

ముక్కలంటే ఇవి. గొట్టం చివర ఎగదన్నే వాయువుల పేలుడు. ధ్వని వేగం దాటిన తూటా గాలిని చీల్చుకుపోతుంటే చెళ్ళుమనే క్రాక్. తూటాను లోపలికి ఎక్కించే బోల్ట్ వెనక్కీ ముందుకీ కొట్టుకునే ఇనుప చప్పుడు. తూటా తగిలినచోట దెబ్బ. సప్రెసర్ అదుపు చేసేది వీటిలో మొదటిదాన్నే. 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది, 5.56 తూటా 900 మీటర్ల పైచిలుకు వేగంతో బయల్దేరుతుంది. గొట్టానికి ఏం తగిలించినా దాని క్రాక్ ఆగదు.

ఇక ఆటలు. కాల్ ఆఫ్ డ్యూటీ 4 (2007) తెచ్చిన బేరం అందరికీ తెలిసిందే: సైలెన్సర్ ఉంటే కాల్చినా తెర మూలనుండే చిన్న మ్యాప్ (మినీమ్యాప్)లో ఎర్రచుక్క పడదు, బదులుగా దూరం పెరిగితే డ్యామేజ్ (తూటా చేసే దెబ్బ) పడిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ 1.6లో ఎం4ఏ1కి సైలెన్సర్ తిప్పినా ఇదే తంతు, దెబ్బ కొంచెం తగ్గేది. ఆట సమతూకం కోసం బాగానే పనిచేసిన సూత్రం ఇది, భౌతికశాస్త్రం ప్రకారం మాత్రం తలకిందులు. సప్రెసర్ తూటాను పట్టి ఆపదు. తూటా దాన్ని తాకకుండా మధ్యలోంచి వెళ్ళిపోతుంది, చాలాసార్లు వేగం పిసరంత పెరుగుతుంది కూడా. మోడర్న్ వార్‌ఫేర్ (2019)లో మోనోలిథిక్ సప్రెసర్ వేస్తే రేంజ్ పెరగడం చూసి చాలామంది నవ్వుకున్నారు. ఎంత పెరిగిందన్నది పక్కన పెడితే, దిశ విషయంలో పాత ఆటల కంటే అదే నిజానికి దగ్గర.

మరి డ్యామేజ్ కోత పూర్తిగా అబద్ధమా? కాదు, తప్పు చోట వేశారు. కోత వేయాల్సింది తూటాకి. క్రాక్ రాకుండా ఉండాలంటే తూటా ధ్వని కంటే నెమ్మదిగా పోవాలి, అంటే సబ్‌సోనిక్ మందుగుండు కావాలి. దానికి నిజంగానే మూల్యం ఉంది. 4 గ్రాముల 5.56 తూటా 930 మీటర్ల వేగంతో పోతే శక్తి 1,700 జౌళ్ళ పైన. వీఎస్ఎస్ వింటోరెజ్ అనే నిశ్శబ్ద రైఫిల్ వాడే 9x39 తూటా 16 గ్రాముల బరువుండి 290 మీటర్లతో పోతుంది. శక్తి 670 జౌళ్ళు. సగం కూడా లేదు. 300 మీటర్లు చేరడానికి దానికి 1.1 సెకన్లు పడుతుంది, ఆలోగా దాదాపు 6 మీటర్లు కిందికి జారుతుంది. 5.56 అదే దూరంలో జారేది మీటరు లోపే. పబ్‌జీలో వీఎస్ఎస్ పట్టుకుని దూరపు మనిషిని కొట్టబోయి నేలను కొట్టినవాళ్ళకు ఈ లెక్క ఒంటబట్టే ఉంటుంది.

పిస్టల్ సంగతికొస్తే ఈ మూల్యం చాలా తక్కువ. 9 ఎంఎంలో 115 గ్రెయిన్ (తూటా బరువు కొలమానం) తూటా ధ్వనిని దాటుతుంది, 147 గ్రెయిన్‌ది సెకనుకు 300 మీటర్ల దగ్గర ఆగుతుంది, కానీ బరువెక్కువ కాబట్టి శక్తిలో తేడా పదో వంతు దాకా మాత్రమే. .45 పిస్టల్ తూటా అయితే సెకనుకు 255 మీటర్లు, పుట్టుకతోనే సబ్‌సోనిక్. పిస్టళ్ళకూ రైఫిళ్ళకూ ఒకే శాతం డ్యామేజ్ కోసే ఆట ఎవరిదైనా సరే, బద్ధకమే.

పబ్‌జీది రెండో దారి. సప్రెసర్ వల్ల డ్యామేజ్ తగ్గదు, గొట్టం శబ్దం తగ్గుతుంది, క్రాక్ మాత్రం మిగులుతుంది. ఆర్మా 3 కూడా క్రాక్‌ను విడిగా వినిపిస్తుంది. ఈ రెండింటికీ నా ఓటు పడేది ఇక్కడే, ఎందుకంటే సప్రెసర్ చేసే అసలు మేలు దీంట్లోనే బయటపడుతుంది: కాల్చారని తెలుస్తుంది, ఎక్కణ్ణుంచో తెలియదు. 300 మీటర్ల నుంచి 5.56తో కాల్చారనుకోండి. తూటా 0.4 సెకన్లలో మీ పక్కనుంచి పోతుంది, చెళ్ళున క్రాక్. గొట్టం శబ్దం మిమ్మల్ని చేరడానికి 0.87 సెకన్లు. మధ్యలో దాదాపు అర సెకను ఖాళీ. సప్రెసర్ లేకపోతే ఆ రెండో శబ్దాన్ని పట్టుకుని దిక్కు చెప్పేయొచ్చు. సప్రెసర్ ఉంటే అది గాలిలోనో అడుగుల చప్పుడులోనో కలిసిపోతుంది, చేతికి చిక్కేది క్రాక్ ఒక్కటే. ఆ క్రాక్ దారి తప్పిస్తుంది. తూటా ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో పోతుంటే, ఆ అల తూటా దారికి దాదాపు 66 డిగ్రీల కోణంలో పక్కకి బయల్దేరుతుంది. పక్కనున్నవాడికి అది తూటా దారి మధ్యలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది, కాల్చినవాడి దగ్గర్నుంచి కాదు.

సబ్‌సోనిక్‌లో వరస తిరగబడుతుంది: గొట్టం శబ్దం ముందొస్తుంది, తూటా వెనకొస్తుంది. తూటా వేగాన్నీ శబ్దం వేగాన్నీ విడివిడిగా లెక్కించే ఆటలో ఇది దానంతటదే జరిగిపోతుంది, ఎవరూ ప్రత్యేకంగా రాయక్కర్లేదు.

మెటల్ గేర్ సాలిడ్ 5 దారి మూడోది. ప్రతి కాల్పుకీ సప్రెసర్ అరుగుతుంది, చివరికి పాడవుతుంది, కొత్తది తెప్పించుకోవాలి. నిజం సప్రెసర్ వేల రౌండ్లు తట్టుకుంటుంది కాబట్టి అంకెల్లో ఇది పచ్చి అబద్ధం. అయినా ఒంటరిగా ఆడే దొంగచాటు ఆటకి డ్యామేజ్ కోత కంటే ఇదే మేలు. తూటాను ముట్టుకోకుండా ఖర్చంతా పరికరం మీదే వేసింది. ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ ఇంకొంచెం ముందుకెళ్ళింది: గొట్టం పొడవవుతుంది, రీకాయిల్ (వెనక్కి తన్నడం) తగ్గుతుంది, ఎర్గోనామిక్స్ (తుపాకీ చేతికి అమరే తీరు) పడిపోతుంది, వేడి పెరుగుతుంది, సబ్‌సోనిక్ తూటాలు వేరే దొరుకుతాయి. ఇవన్నీ నిజంగా ఉన్న మూల్యాలే. అరకిలో బరువు, జానెడు పొడవు గొట్టం చివర వేలాడితే తుపాకీ తిప్పడం కష్టమే. వరసగా ఒకటి రెండు మ్యాగజైన్లు ఖాళీ చేస్తే సప్రెసర్ మీంచి వేడిగాలి లేచి స్కోప్‌లో బొమ్మ అలలాడుతుంది. ఈ చివరిది ఎక్కువ ఆటలు వదిలేస్తాయి. గ్యాస్ వెనక్కి తన్ని బోల్ట్ వేగం పెరగడమూ అంతే.

హంట్: షోడౌన్ గురించి ఒక మాట. 1895 నాటి లూసియానాలో మొదలైన ఆట అది, హైరమ్ పెర్సీ మాక్సిమ్ సైలెన్సర్‌కి పేటెంట్ వచ్చిందేమో 1909లో. కాలం కుదరదు. కానీ రివాల్వర్లలో సైలెన్సర్ ఇచ్చింది నాగాంట్‌కి, అది సరైన ఎంపిక. మామూలు రివాల్వర్‌లో సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి గ్యాస్ బయటపడుతుంది, గొట్టం చివర ఏం బిగించినా లాభం ఉండదు. నాగాంట్ ఎం1895 సిలిండర్ ముందుకు జరిగి ఆ సందు మూసేస్తుంది.

సొంతంగా ఆట తయారుచేసేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, సైలెన్సర్ శబ్దాన్ని ఒకే ఫైల్‌గా రికార్డు చేసి వాల్యూమ్ తగ్గించేయడం. అప్పుడు బోల్ట్ చప్పుడు కూడా దాంతోపాటే మాయమవుతుంది. నిజానికి సప్రెసర్ వేశాక కాల్చేవాడికి బాగా వినిపించేది ఆ ఇనుప చప్పుడే. నాలుగు లేయర్లు విడిగా పెట్టి, పేలుడు లేయర్‌కి మాత్రం వాల్యూమ్ కోసి, హై ఫ్రీక్వెన్సీలు ఫిల్టర్ చేయండి. బోల్ట్ లేయర్‌ని ముట్టుకోకండి, అది 20, 30 మీటర్ల లోపే వినపడేలా దూరం కర్వ్ (దూరాన్ని బట్టి శబ్దం తగ్గే గీత) ఇస్తే చాలు. క్రాక్‌ని కాల్చినవాడి స్థానంలో పెట్టకూడదు. తూటా దారి మీద, వినేవాడికి పైన చెప్పిన కోణం కుదిరే బిందువులో పెట్టాలి. అంత లెక్క బరువనిపిస్తే దారిలో వినేవాడికి అత్యంత దగ్గరి బిందువైనా ఫర్వాలేదు. తూటా వేగం 343 కిందికి దిగిన క్షణం నుంచి క్రాక్ ఆపాలి. ఈ షరతు మర్చిపోతే .45 పిస్టల్ కూడా చెళ్ళుమంటుంది.

మీరాడే ఆట ఏ కోవదో తేల్చుకోవడానికి ట్రైనింగ్ మోడ్ చాలు. స్నేహితుణ్ణి 300 మీటర్ల దూరంలో నిలబెట్టి, సప్రెసర్ ఉన్న రైఫిల్‌తో మీ పక్క గోడకి కాల్చమనండి, తర్వాత అదే పని సబ్‌సోనిక్ తుపాకీతో చేయించండి. మొదటిసారి క్రాక్ వచ్చి, రెండోసారి రాకపోతే ఆ ఆట తూటాను లెక్కలోకి తీసుకుంటోంది. రెండుసార్లూ ఒకే "ఫుత్" వినిపిస్తే, అందులో సప్రెసర్ అంటే మినీమ్యాప్ బటన్ అనుకుని ఆడుకోండి.