మజ్దా కార్లు: నడిపేవాడికి పండగ, వెనక సీట్లో వాడికి శిక్ష

జపాన్ కారు అనగానే టొయోటా, హోండా, ఆ తర్వాత నిస్సాన్, సుజుకీ ఇలా గుర్తొస్తాయి, మజ్దా ఎక్కడో చివర్లో వస్తుంది. కానీ డ్రైవింగ్ అంటే పిచ్చి ఉన్నవాళ్ళని ఒకసారి కదిపి చూడండి, ముందు ఈ పేరే చెప్తారు, ఆగమన్నా ఆగరు. ఇదే కారు గురించి వాళ్ళ ఇంట్లోవాళ్ళని అడిగితే మాత్రం వెనక కాళ్ళు పట్టవు, రోడ్డు సౌండ్ లోపలికి వస్తది, డిక్కీ చిన్నది అని మొదలెడతారు. నాకైతే ఇద్దరు చెప్పేదీ నిజమే అనిపిస్తుంది, పైగా ఆ రెండూ ఒకే కారణం వల్ల వచ్చినవి. ఈ కంపెనీకి మొండితనం ఎక్కువ, పక్కవాళ్ళంతా ఒక దారిలో పోతుంటే వీళ్ళు ఇంకో దారి పట్టుకుంటారు, కొన్నిసార్లు అది అద్భుతంగా కుదురుతుంది, కొన్నిసార్లు కంపెనీయే మునిగేదాకా వస్తుంది.

అసలు పుట్టుకే విచిత్రం. 1920లో హిరోషిమాలో మొదలైంది, అప్పటికి కార్లతో సంబంధమే లేదు, టోయో కార్క్ కోగ్యో అని కార్క్ సరుకు తయారుచేసే కంపెనీ. మరుసటేడు జూజిరో మత్సుదా పగ్గాలు పట్టాడు, ఆయన చిన్నప్పుడు కమ్మరి పని నేర్చుకుని పైకొచ్చిన మనిషి, కార్క్‌తో ఎన్నాళ్ళో నడవదని మెషీన్ల వైపు తిప్పేశాడు. 1931లో మూడు చక్రాల ట్రక్కు వచ్చింది, మజ్దా-గో అని, మన ట్రాలీ ఆటోకి తాతలాగా ఉంటుంది చూడ్డానికి. 1945 ఆగస్టు 6న బాంబు పడ్డప్పుడు ఫ్యాక్టరీ ఊరికి అవతల, బాంబు పడ్డ చోటికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది, మధ్యలో హిజియామా గుట్ట అడ్డొచ్చింది, అందుకే బిల్డింగులు చాలావరకు నిలబడ్డాయి. గాయపడ్డవాళ్ళకి అదే ఆసుపత్రి అయింది, కొన్నాళ్ళు ప్రభుత్వ ఆఫీసులు కూడా అక్కడే నడిచాయి. అదే ఏడాది డిసెంబరుకల్లా మళ్ళీ మూడు చక్రాల బండ్లు బయటికి తీశారంటే చూడండి. హిరోషిమా వాళ్ళకి ఈ కంపెనీ అంటే అంత అభిమానం ఎందుకో ఇక్కడే తెలుస్తుంది, వాళ్ళ బేస్‌బాల్ టీమ్ హిరోషిమా టోయో కార్ప్ పేరులో ఉన్న టోయో కూడా ఈ కంపెనీదే.

మొదటి కారు 1960లో, ఆర్360 కూపే, బుల్లి బండి. అసలు కథ రోటరీతో మొదలైంది. మామూలు ఇంజిన్లో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకుంటాయి, రోటరీలో మూడు మూలల రోటర్ ఒకటి గుండ్రంగా తిరుగుతుంది అంతే, కాబట్టి ఇంజిన్ చిన్నగా తేలిగ్గా ఉంటుంది, వైబ్రేషన్ ఉండదు, ఆర్‌పీఎం ఎంత పెంచినా మెత్తగా ఎక్కిపోతుంది. ఫీలిక్స్ వాంకెల్ ఐడియా అది, జర్మన్ కంపెనీ ఎన్ఎస్‌యూ దగ్గర మజ్దా 1961లో లైసెన్స్ తీసుకుంది. తీరా చేస్తే రోటర్ మూలల్లో ఉండే సీల్స్ లోపలి గోడని గీరేస్తున్నాయి, ఆ గీతలకి దెయ్యం గోళ్ళ గుర్తులు అని పేరు పెట్టుకున్నారు వాళ్ళు. కెనిచీ యమమోతో టీమ్‌లో 47 మంది ఇంజినీర్లు దాని వెంటపడి కార్బన్, అల్యూమినియం కలిపిన సీల్స్‌తో దారికి తెచ్చి 1967లో కాస్మో స్పోర్ట్ రిలీజ్ చేశారు. అదే ఏడాది ఎన్ఎస్‌యూ కూడా రోటరీ కారు దించింది, రో80, కానీ ఇంజిన్లు వరసపెట్టి పోయి ఆ కంపెనీ 1969లో ఆడీలో కలిసిపోయింది. ఐడియా కొనుక్కున్నవాళ్ళు నిలబడ్డారు, అమ్మినవాళ్ళు పోయారు.

నిలబడ్డారు అన్నాను గానీ అదీ అంత తేలిగ్గా ఏమీ కాదు. 1973 ఆయిల్ సంక్షోభం వచ్చేసరికి రోటరీ తాగే పెట్రోలు చూసి జనం పారిపోయారు, సుమితోమో బ్యాంకు వచ్చి ఆదుకోవాల్సి వచ్చింది, ఫ్యాక్టరీ వర్కర్లని షోరూములకి పంపి కార్లు అమ్మించారు. 1979లో ఫోర్డ్ 25 శాతం వాటా కొంది. ఆ తర్వాత డబ్బులు బాగా ఆడిన రోజుల్లో యూనోస్, ఆటోజామ్, ఆన్ఫినీ అంటూ జపాన్‌లో ఏకంగా ఐదు రకాల షోరూములు తెరిచారు, జపాన్ ఆర్థిక బుడగ పేలాక మళ్ళీ అప్పులే. 1996లో ఫోర్డ్ వాటా 33.4 శాతానికి ఎక్కి, ఫోర్డ్ మనిషి హెన్రీ వాలెస్ ప్రెసిడెంట్ అయ్యాడు, జపాన్ కార్ల కంపెనీకి ఒక విదేశీయుడు పెద్ద అవ్వడం అదే మొదటిసారి. 2008 నుంచి ఫోర్డ్ తన వాటా అమ్ముకుంటూ పోయింది, 2017లో టొయోటా ఒక ఐదు శాతం తీసుకుంది, ఇద్దరూ కలిసి అలబామాలో ఫ్యాక్టరీ కూడా పెట్టారు.

ఈ గొడవల మధ్యలోనే 1991లో లె మాన్స్ గెలిచేశారు, ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల రేసు అది. 787బీ, నాలుగు రోటర్ల ఇంజిన్, నారింజ ఆకుపచ్చ రంగుల్లో 55వ నంబర్ కారు. జపాన్ కంపెనీ గెలవడం అదే మొదటిసారి, ఆ తర్వాత టొయోటా గెలవడానికి 2018 దాకా పట్టింది. ఆఖర్లో నడిపిన డ్రైవర్ జానీ హెర్బర్ట్ కారు దిగాక కళ్ళు తిరిగి పడిపోయాడు, పోడియం కూడా ఎక్కలేకపోయాడు. ఆ ఇంజిన్ సౌండ్ వీడియో ఎక్కడైనా దొరుకుతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి, ఓనర్లకి ఆ పిచ్చి ఎందుకో నేను రాసినదాని కంటే అది బాగా చెప్తుంది.

ఇక ఓనర్లు ఏమంటారు అనేదానికి వస్తే ముందు ఎంఎక్స్-5 గురించి చెప్పాలి, మియాటా అంటారు చాలామంది. 1989లో వచ్చింది, చిన్న ఇంజిన్, రెండు సీట్లు, వెనక చక్రాలకి పవర్, బరువు టన్ను అటూఇటూ. 2016కి పది లక్షల బండ్లు దాటేశాయి, రెండు సీట్ల స్పోర్ట్స్ కారుల్లో అమ్మకాల రికార్డు దీనిదే. పవర్ చూస్తే నవ్వొస్తుంది, పెద్ద ఎస్‌యూవీలు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని దాటిపోతాయి, కానీ గేర్ లివర్ చిన్నగా టక్కుమని పడుతుంది, మలుపుల్లో కారు మన నడుము చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది, స్పీడు తక్కువలోనే మజా మొత్తం వచ్చేస్తుంది. కంప్లయింట్లు కూడా ఎప్పుడూ అవే, ఆరడుగులు దాటినవాళ్ళకి తల టాపుకి తగులుతుంది, సామాను పెట్టుకోడానికి చోటు ఉండదు, పాత మోడల్స్‌లో డోర్ల కింద అంచులు తుప్పు పడతాయి. 2015 తర్వాత వచ్చిన జనరేషన్లో మొదటి బ్యాచ్ మాన్యువల్ గేర్ బాక్సులు కొందరికి పోయాయి, సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు అది కనుక్కోవాలి. ఇన్ని చెప్పి కూడా అమ్మేస్తావా అంటే మాత్రం అమ్మం అంటారు.

ఇల్లూ సంసారం ఉన్నవాళ్ళు కొనేది మజ్దా 3, సీఎక్స్-5 లాంటివి. వీటి వెనక ఉన్నది స్కైయాక్టివ్ అనే టెక్నాలజీ, ఇక్కడ కూడా మళ్ళీ మొండితనమే. 2011 ప్రాంతంలో అందరూ ఇంజిన్ సైజు తగ్గించి టర్బోలు బిగిస్తుంటే వీళ్ళు టర్బో లేకుండానే పెట్రోలు ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్లో గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) 14కి తీసుకెళ్ళారు, డీజిల్‌ని మాత్రం అదే 14కి దించారు. మిగతా జపాన్ కంపెనీలు విడివిడి గేర్లు లేని సీవీటీ గేర్ బాక్సులకి వెళ్ళిపోతుంటే వీళ్ళు పాతకాలం ఆరు గేర్ల ఆటోమేటిక్‌నే పట్టుకుని కూర్చున్నారు. అప్పట్లో దీన్ని చూసి వెనకబడ్డారు అన్నవాళ్ళే ఇప్పుడు 2.5 లీటర్ల టర్బో లేని పెట్రోలు ఇంజిన్, ఆ ఆరు గేర్లు, ఈ జతని కళ్ళు మూసుకుని కొనొచ్చు అంటున్నారు. నా ఉద్దేశం కూడా అదే. 2020లో అమెరికాలో కార్లని పరీక్షించి రేటింగులిచ్చే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక నమ్మకం లిస్టులో టొయోటా, లెక్సస్‌లని దాటి మజ్దా మొదటి ప్లేసులోకి వచ్చింది, గొప్ప కొత్త టెక్నాలజీ వల్ల కాదు, పాతదాన్ని జాగ్రత్తగా చెయ్యడం వల్ల.

స్టీరింగ్ గురించి ఓనర్లు అంతగా చెప్పడానికి కూడా ఒక కారణం ఉంది. మనం స్టీరింగ్ తిప్పడం మొదలెట్టగానే ఇంజిన్ పవర్ కొంచెం, మనకి తెలియనంత కొంచెం తగ్గుతుంది, దాంతో బరువు ముందు చక్రాల మీదకి వచ్చి పట్టు పెరుగుతుంది. జీ-వెక్టరింగ్ అంటారు, 2016 నుంచి ఉంది. దూరాలు నడిపితే మాటిమాటికీ స్టీరింగ్ సర్దుకునే పని తగ్గుతుంది. లోపల డాష్‌బోర్డు, సీట్లు, స్విచ్చుల క్వాలిటీ కూడా దీనికంటే ఖరీదైన జర్మన్ కార్లతో పోల్చుకుంటారు, అది అతిశయోక్తి కాదు. ఆ ఎరుపు రంగు, సోల్ రెడ్, అబ్బ ఏం రంగండీ, ఎండలో ఒకలా నీడలో ఒకలా ఉంటుంది, కానీ పెయింట్ పల్చగా ఉంటుంది, హైవే మీద రాళ్ళు తగిలి బానెట్ మీద చుక్కలు పడతాయని గొడవ పెట్టని ఓనర్ తక్కువ, కొన్నవెంటనే ముందు భాగానికి ఫిల్మ్ వేయించుకోమని చెప్తారు.

టచ్ స్క్రీన్ విషయంలో కొట్టుకోని రోజు లేదు. 2019 మజ్దా 3లో టచ్ పూర్తిగా తీసేసి గేర్ పక్కన గుండ్రటి నాబ్ ఒకటే పెట్టారు, స్క్రీన్ తాకడానికి వంగితే తెలియకుండానే స్టీరింగ్ కదులుతుంది అని వాళ్ళ లెక్క. కొత్తలో చిరాకు, అలవాటయ్యాక రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే పని అయిపోతుంది అని సగం మంది, ఫోన్ మ్యాపులో అడ్రస్ వెతకడానికి పది సార్లు తిప్పాలా అని మిగతా సగం. నేను మొదటి జట్టు. తీరా 2025లో చూపించిన కొత్త సీఎక్స్-5లో నాబ్ ఎత్తేసి పెద్ద టచ్ స్క్రీన్ పెట్టేశారు, ఏసీ కూడా అందులోనే. ఇన్నేళ్ళు ఇది ప్రమాదం అని చెప్పి ఇప్పుడు ఇలా చేస్తే ఏమనుకోవాలి మరి, పాత ఓనర్లకి ఒళ్ళు మండింది, న్యాయమే.

డీజిల్ గురించి కొంచెం జాగ్రత్త. ఎప్పుడూ దగ్గర దగ్గర తిరుగుళ్ళే ఉంటే స్కైయాక్టివ్ డీజిల్ తీసుకోకండి. పొగలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని కాల్చి శుభ్రం చేసుకోడానికి ఇంజిన్ ఎక్కువ డీజిల్ వాడుతుంది, మధ్యలో మీరు ఆపేస్తే ఆ డీజిల్ కాస్త ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే వీటిలో ఆయిల్ తగ్గడం కాదు, పెరుగుతుంది! డిప్ స్టిక్ మీద ఫుల్ గీత పైన ఎక్స్ గుర్తు ఉంటుంది, ఆయిల్ అక్కడికి చేరిందంటే వెంటనే మార్పించాలి. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకి ఈ గొడవ తక్కువ, వాళ్ళు మైలేజీ చూసుకుని మురిసిపోతారు. 2.5 టర్బో పెట్రోలులో కొన్నిటికి సిలిండర్ హెడ్ దగ్గర కూలెంట్ లీకు వచ్చింది. 2022లో వచ్చిన సీఎక్స్-60 అయితే ఆరు సిలిండర్లు వరసగా పెట్టి వెనక చక్రాల పవర్‌తో దించారు, వినడానికి బాగుంది, కానీ వెనక సస్పెన్షన్ బిగుసుకుపోయి చిన్న గతుకుకే ఎగిరేది, స్లో స్పీడులో గేర్ బాక్స్ జర్కులు, తర్వాత సస్పెన్షన్ మార్చాల్సి వచ్చింది. కొనాలనుకుంటే మార్చిన తర్వాత బండే చూసుకోండి.

ఎంఎక్స్-30 అని ఎలక్ట్రిక్ కూడా చేశారు, లోపల కన్సోల్ మీద కార్క్ అతికించారు వంద ఏళ్ళ పుట్టుక గుర్తుగా, ముద్దుగా ఉంది, కానీ చార్జి ఫుల్లుగా పెడితే రేంజ్ 200 కిలోమీటర్లు, దానికి ఎవరు కొంటారు. 2023లో అందులోనే ఒక్క రోటర్ ఇంజిన్ని జనరేటర్‌గా పెట్టి రోటరీని మళ్ళీ బతికించారు, చక్రాలు తిప్పదు, కరెంటు చేస్తుంది అంతే. నవ్వొచ్చే విషయం ఇంకోటి, 2011లో అమెరికాలో మజ్దా 6 కార్లు వేలల్లో వెనక్కి పిలిచారు, కారణం సాలీడు! పెట్రోలు వాసనకి వచ్చి ట్యాంకు గాలి పైపులో గూడు కడుతుందట.

రోటరీ మీద మోజుతో మజ్దా పాత రోటరీ స్పోర్ట్స్ కారు ఆర్ఎక్స్-8ని సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి రెండు ముక్కలు. ఆ ఇంజిన్ కావాలనే ఆయిల్ తాగుతుంది, సీల్స్ తడిగా ఉండాలి కాబట్టి, పెట్రోలు కొట్టించినప్పుడల్లా ఆయిల్ చూసుకోవాలి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు అడుగులు కదిపి ఆపేస్తే పెట్రోలు నిండిపోయి మళ్ళీ స్టార్ట్ అవ్వదు. సీల్స్ అరిగిపోయి అమెరికాలో ఇంజిన్ వారంటీని 8 ఏళ్ళు, లక్ష మైళ్ళకి పెంచాల్సి వచ్చింది అంటే అర్థం చేసుకోండి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారుగా మాత్రం వద్దు. అయినా కొంటాను అంటే అమ్మేవాణ్ణి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపించి, ఆపించి, కాసేపాగి మళ్ళీ స్టార్ట్ చేయించండి, వేడి మీద స్టార్ట్ అవ్వడానికి మూలిగిందంటే ఇంజిన్ అయిపోయినట్టే, బేరం ఆపేసి వచ్చెయ్యండి. మామూలు కంప్రెషన్ మీటర్ దీనికి పనికిరాదు, రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది, అది ఉన్న మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళాలి.