గోగు ఊరబెట్టడానికి క్రైజాఫ్ సోనా పొడి: వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నా, ఇది నార కోసం గోగు వేసే వాళ్లకే పనికొచ్చే రివ్యూ. శ్రీకాకుళం, విజయనగరం వైపు సాగు బాగా తగ్గిపోయినా ఇంకా వదల్లేని వాళ్లం కొందరం ఉన్నాం కదా, మన కోసం. క్రైజాఫ్ సోనా అనేది బెంగాల్లోని బారక్‌పూర్ జనపనార పరిశోధన సంస్థ తయారుచేసిన పొడి. చూడ్డానికి మొహానికి రాసుకునే పౌడర్‌లా తెల్లగా ఉంటుంది. అందులో ఉండేవి బతికున్న బ్యాక్టీరియా, బాసిల్లస్ ప్యూమిలస్ జాతివి, మూడు రకాలు.

గోగు కట్టెలు ఊరడానికి నీళ్లలో వేస్తే జరిగేదేంటంటే, నార పోగుల్ని పుల్లకి అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురుని సూక్ష్మజీవులు తినేస్తాయి. చెరువులో అవి మామూలుగానే ఉంటాయి గానీ ఏవి ఎన్ని ఉన్నాయో మన చేతిలో లేదు, పైగా కొన్ని ఆ జిగురు అయిపోయాక నార మీదే పడతాయి, అప్పుడు కాస్త ఆలస్యంగా తీశామా, పోగు పట్టుకుని లాగితే పుటుక్కున తెగుతుంది. ఈ పొడిలో జిగురుని గట్టిగా పట్టుకుని నార జోలికి పోని రకాలనే ఏరి పెట్టారు. మా చిన్నాన్న మాత్రం "ఇది చల్లితే నారంతా కుళ్లిపోద్దిరా" అని చివరిదాకా అంటూనే ఉన్నాడు, నార ఆరేశాక ఏమీ అనలేదు.

వాడకం తేలికే. ఆకు రాలాక కట్టలు కట్టి నీళ్లలో వరసగా పేర్చి, ప్రతి వరస మీదా చల్లుకుంటూ పోవాలి, ఎకరానికి పది పన్నెండు కిలోలు పడుతుంది. అదే నీళ్లలో రెండో విడత వేస్తే సగం చాలు. మామూలుగా 18 నుంచి 21 రోజులు పట్టేది 12 నుంచి 15 రోజుల్లో అయిపోతుందని సంస్థ వాళ్ల లెక్క, మా దగ్గరా ఇంచుమించు అలాగే అయింది. అయినా రోజులు లెక్కపెట్టుకుని కూర్చోకండి, వారం దాటాక రోజూ ఒక కట్టె తీసి మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. బెరడు పుల్ల నుంచి జారిపోయిందా, ఇక ఆపకుండా తీసేయాలి. మొదలు దగ్గర నారకి గట్టిగా అతుక్కుపోయే బెరడు పట్టీ చాలా తగ్గింది, నాకు బాగా నచ్చింది అదే. కంపు తగ్గింది గానీ పోలేదు, నడుం లోతు నీళ్లలో దిగి నార తీసే కూలీలకి ఆ తగ్గిందే పెద్ద ఊరట.

రంగు విషయంలో మాత్రం పొడి ఒక్కటే ఏమీ చెయ్యలేదు. కట్టలు మునగడానికి మనవాళ్లు మట్టి గడ్డలు, అరటి బోదెలు ఎత్తుతారు చూడండి, నార నల్లబడేది అక్కడే. మట్టిలో ఇనుము, బెరడులో వగరు కలిసి నలుపు తిరుగుతుంది. పాత సిమెంటు సంచుల్లో మట్టి నింపి మూతి కట్టి, కట్టల మీద గుర్రపుడెక్క పరిచి, దాని మీద ఆ సంచులు బరువు పెట్టండి. అలా చేస్తే లేత బంగారు రంగు వస్తుంది. వానలు మొహం చాటేసి గెడ్డ (వాగు) ఎండిపోయిన ఏడాది అయితే ఈ పొడి కొని దండగ, కట్టలు పూర్తిగా మునిగేంత నీరు ఉండాల్సిందే.

ఇక డబ్బుల సంగతి. నాణ్యత ఒకటి రెండు గ్రేడ్లు పెరుగుతుందంటారు, చేత్తో పట్టుకుంటే తేడా నాకూ తెలిసింది. కానీ మా దగ్గర కొనే వ్యాపారి గ్రేడు చూడడు, నల్లదైనా తెల్లదైనా ఒకటే రేటు కడతాడు, అడిగితే "మిల్లు వాళ్లు అంతే ఇస్తున్నారు బాబూ" అంటాడు. గ్రేడు చూసి కొనే చోటికి మోసుకెళ్లగలిగితేనే పొడి ఖర్చు పోను ఏమైనా మిగిలేది, లేకపోతే కలిసొచ్చేది ఆ వారం రోజులే. అపరాల విత్తనానికి తడి ఆరిపోకముందే చేలోకి దిగే వాళ్లకి ఆ వారం కూడా తక్కువేం కాదు.

అయిదుకి నాలుగు ఇస్తా. కోతకి ముందే తెప్పించుకోండి, ప్యాకెట్ మీద గడువు తేదీ చూసుకోండి, ఎండ తగిలే చోటా, పురుగు మందుల పక్కనా పెట్టొద్దు. వాడకంలో అనుమానాలుంటే ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగండి, గోగు మీద పనిచేసేది వాళ్లే.