ఇమిగ్రేషన్ కోర్టు కేసు సమాచార సైటు: తేదీలకు సరే, సెక్షన్లకు కాదు

అమెరికా ఇమిగ్రేషన్ కోర్టుల ఈ ఉచిత సైటుకి లాగిన్ అక్కర్లేదు. ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) 9 అంకెలు కొట్టి, మీ పౌరసత్వ దేశం ఎంచుకుంటే చాలు. పాత కాగితాల్లో 8 అంకెలే ఉంటే ముందు సున్నా చేర్చాలి. చాలామంది తడబడేది ఇక్కడే. తర్వాతి హియరింగ్, జడ్జి పేరు, తీర్పు, అప్పీలు స్థితి కనిపిస్తాయి.

డిపోర్టేషన్ ఏ సెక్షన్ కింద పెట్టారో మాత్రం చూపదు. అసలు కిటుకంతా అందులోనే. హింసాత్మక నేరానికి ఏడాది లేదా అంతకు మించి శిక్ష పడితే అది 'అగ్రవేటెడ్ ఫెలనీ', అంటే డిపోర్టేషన్‌కి దారితీసే తీవ్ర నేరాల వర్గం. శిక్ష సస్పెండ్ చేసి, ఒక్కరోజూ జైల్లో ఉంచకపోయినా లెక్కే! 364 రోజులైతే ఆ నిర్వచనం కిందికి రాదు. అందుకే నోటీస్ టు అప్పియర్ (ఏ సెక్షన్ కింద డిపోర్టేషన్ కేసు పెట్టారో చెప్పే నోటీసు), క్రిమినల్ కోర్టు తీర్పు కాపీ పక్కన పెట్టుకోండి. సైటు తేదీకీ కోర్టు నోటీసుకీ తేడా ఉంటే వెంటనే కోర్టుకి ఫోన్ చేయండి. హియరింగ్‌కి రాకపోతే మీ పరోక్షంలోనే డిపోర్టేషన్ ఆర్డర్ వచ్చేయొచ్చు.