5.9 కమిన్స్‌పై కాంపౌండ్ టర్బో: 40,000 మైళ్ల తర్వాత

కాంపౌండ్ టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బోలు రెండు, ఒకదాని వెనక ఒకటి. బండి 2006 డాడ్జ్ రామ్ 2500, కమిన్స్ 5.9 లీటర్ల కామన్‌రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే అధిక ఒత్తిడి పైపు) డీజిల్ ఇంజిన్. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగని పోగుచేసే గొట్టం) మీద బండితో వచ్చిన హోల్‌సెట్ హెచ్‌ఈ351 అలాగే ఉంది. బయటి గాలి పీల్చి దానికి అందించే పెద్ద టర్బో బోర్గ్‌వార్నర్ ఎస్475. ట్రైలర్ లాగేవాళ్లకి పెట్టిన డబ్బు గిట్టుతుంది. ఖాళీ బండితో ఊళ్లో తిరిగేవాళ్లకి దండగ.

రెండు టర్బోల బూస్ట్‌ని (గాలి ఒత్తిడి పెంపుని) కూడకూడదు, హెచ్చవేయాలి. ఒక్కొక్కటి గాలిని 2.1 రెట్లు నొక్కితే మొత్తం 4.4 రెట్లు, అంటే గేజీ మీద 50 పీఎస్‌ఐ. చిన్నదాని ఒక్కదాంతో అంత రాబట్టబోతే టర్బో చక్రం వేగం హద్దు దాటుతుంది.

బూస్ట్ గేజీ ఒక్కటే పెట్టుకుంటే ఏమీ తెలియదు. రెండు టర్బోల మధ్య పైపుకి ఒకటి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి ఒకటి తప్పనిసరి. మొత్తం 50 ఉన్నప్పుడు మధ్యలో 16 నుంచి 20 దాకా ఉంటే పని ఇంచుమించు సమంగా పంచుకుంటున్నట్టే. మధ్యలో 8 మాత్రమే ఉంటే పెద్దది నిద్రపోతోంది, భారమంతా చిన్నదాని మీదే. మానిఫోల్డ్‌లో ఒత్తిడి బూస్ట్‌కి ఒకటిన్నర రెట్లు దాటిందంటే వేస్ట్‌గేట్ (చిన్న టర్బోని తప్పించి పొగని పక్కకి వదిలే తలుపు) ఆలస్యంగా తెరుచుకుంటోందని అర్థం. ఆ గేట్ వదిలే పొగ పెద్ద టర్బోకే చేరాలి. బయటికి వదిలేస్తే దాన్ని తిప్పే శక్తి పోయినట్టే.

అందరూ నిర్లక్ష్యం చేసేది ఆయిల్ డ్రెయిన్, అంటే టర్బో నుంచి ఆయిల్ ఇంజిన్‌లోకి తిరిగి దిగే గొట్టం. కిట్‌తో వచ్చిన గొట్టం మధ్యలో పైకి వంగింది. ఐడిల్‌లో నీలిపొగ. సీల్ పోయిందనిపిస్తుంది గానీ, ఈ టర్బోల్లో సీల్ అంటే ఉంగరమే, ఆయిల్ నిండితే ఆపలేదు. లోపల కనీసం 16 మి.మీ. ఉన్న గొట్టం, మొదటి నుంచి చివరిదాకా పల్లంగా, ఆయిల్ మట్టానికి పైన దిగేలా వేశాక పొగ పోయింది.

రెండోది వేడి. బయట 27 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, ఒత్తిడి రెట్టింపు దాటితే పెద్దదాని నుంచి గాలి సుమారు 125 డిగ్రీల్లో వస్తుంది, చిన్నదాని నుంచి 250 దాటి. మామూలు సిలికాన్ గొట్టం 175 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఇంటర్‌కూలర్ దాకా లోహపు పైపే వాడి, జోడింపుల దగ్గర మాత్రం ఆ వేడిని తట్టే రకం పొట్టి సిలికాన్ ముక్కలు వేయాలి.

ట్యూనింగ్‌లో తొందర పనికిరాదు. బూస్ట్ ఎక్కాకే ఇంధనం పెరిగేలా పొగ పట్టిక (ఎంత బూస్ట్‌కి ఎంత ఇంధనమో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది) సరిచేయాలి. గరిష్ఠ టార్క్ దగ్గర టైమింగ్ (ఇంధనం చిమ్మే క్షణం) 2 డిగ్రీలు వెనక్కి లాగితే హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే పొర) బతుకుతుంది. బూస్ట్ 50 దాటాలంటే ముందు హెడ్‌ని పట్టి ఉంచే గట్టి స్టడ్లు వేయాలి. ఏఆర్‌పీ 2000 అయితే మూడు విడతల్లో 125 అడుగుల-పౌండ్లకి బిగించాలి. రెండు టర్బోలు పెట్టాక అదే ఇంధనంతో ఎత్తు ఎక్కేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి సుమారు 100 డిగ్రీలు తగ్గింది. లోడుతో 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర లాగుడు ఒక క్షణం ఆలస్యమైంది, అంతే.

పెద్ద టర్బో బరువంతా పైపు మీద వేలాడనివ్వకూడదు. బ్రాకెట్‌ని బ్లాక్‌కే బిగించాలి, ఛాసిస్‌కి కాదు. ఇంజిన్ ఊగితే వెల్డింగ్ పగులుతుంది. వీ-బ్యాండ్లు (పైపుల అతుకులని పట్టే బిగింపు పట్టీలు) మొదటి 500 మైళ్లకి మళ్లీ బిగించాలి. ఆ తర్వాత ప్రతి ఆయిల్ మార్పిడికీ వాటి చుట్టూ మసి చార ఉందేమో చూసుకుంటే సరిపోతుంది.