రెండు ఎండాకాలాలు వాడిన 50 శాతం షేడ్ నెట్: కొత్తిమీరకు బాగుంది, టమాటకు నమ్ముకోవద్దు

మాది చేవెళ్ల దగ్గర 20 గుంటల కూరగాయల తోట. నేనూ మా ఆయనా చేసుకుంటాం, కోసింది మెహదీపట్నం రైతుబజారుకు పోతుంది. పోయినేడు ఫిబ్రవరిలో 4 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవున్న పచ్చ షేడ్ నెట్ ఒక రోల్ కొన్నాం, సగం ఎండను ఆపే రకం. చదరపు మీటరుకు 28 రూపాయల లెక్కన 5,600 అయింది. రెండు గుంటలకు దాదాపు సరిపోతుంది.

కొత్తిమీర కోసమే కొన్నాం. అంతకుముందు ఎండాకాలంలో ధనియాలు వేస్తే మొలక పైకి రాగానే మాడేది, బతికిన నాలుగు మొక్కలూ జానెడు కాకముందే పూతకు తిరిగేవి. కట్టకు మంచి ధర పలికే రోజుల్లోనే మా దగ్గర అమ్మడానికి ఏమీ ఉండేది కాదు. నెట్ కింద ఏప్రిల్ మొదట్లో ధనియాలు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి వేశాం. పదో రోజుకు మడి నిండా మొలకలు. 40 రోజులకు లేత కట్టలు కోశాం. మొదటి మూట బండికెత్తిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాలకూరా అంతే బాగా వచ్చింది. రోజుకు రెండు తడులు పెట్టేవాళ్లం ఒక్క తడితో సరిపెట్టాం. బోరు సన్నగా పోసే మే నెలలో అది ఎంత మేలో రైతుకు చెప్పనక్కర్లేదు.

టమాట సంగతి వేరు. నెట్ వేస్తే ఎండాకాలమంతా కాస్తుందని అమ్మినాయన చెప్పాడు, అది తప్పు. కాయ మీద ఎండదెబ్బకు వచ్చే తెల్లమచ్చ పోయింది, అంతవరకు నిజం. పూత మాత్రం రాలుతూనే ఉంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే టమాట పుప్పొడి సరిగా పనిచేయదు. నెట్ ఎండను ఆపుతుంది గానీ రాత్రి ఉక్కను ఆపలేదు కదా. నిలిచిన కాయలు కూడా నారింజ రంగులోనే పండాయి, అంత వేడిలో ఎరుపు పట్టదు. అందుకని పోయిన డిసెంబరులోనే టమాట నాటి, ఈ ఏడు ఏప్రిల్‌కల్లా కోత ముగించాం. బెండ, గోరుచిక్కుడుకు నెట్టే అక్కర్లేదు, అవి ఎండలోనే హాయిగా కాస్తాయి.

మొదటి ఏడు మేం చేసిన పెద్ద పొరపాటు ఎత్తు. బొంగులు పాతి ఐదడుగుల ఎత్తులో కట్టి, పక్కలు కూడా మూసేశాం. లోపల గాలాడక ఆవిరి పట్టినట్టుండేది, చివరి సాలులో వేసిన వంగకు ఎర్రనల్లి పట్టింది. ఈ ఏడు కడీలు పాతి ఎనిమిది అడుగులకు లేపి, పక్కలు వదిలేశాం. నల్లి మళ్లీ కనబడలేదు.

75 శాతం రకం కొనకండి. మా పక్క చేనులో అదే కట్టారు. కొత్తిమీర కాడలు సన్నగా, పాలిపోయి సాగి, తడి పెట్టగానే పడిపోయాయి.

నెట్‌లో నాకు నచ్చనిది అంచు. కుట్టు లేదు. మే నెల గాలిదుమారానికి తాడు కట్టిన మూలలన్నీ చిరిగాయి. తర్వాత అంచు మడిచి, లోపల నైలాన్ తాడు పెట్టి, నేనే సూదితో కుట్టాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఈసారి గాలికి చెక్కుచెదరలేదు. రంగు కొంచెం వెలిసింది గానీ పోగు ఇంకా గట్టిగానే ఉంది. మిరుగు వానలు పడగానే విప్పి, ఎలుకలు కొరకకుండా దూలానికి వేలాడదీశాం.

సంక్రాంతి తర్వాత ఇంకో రోల్ కొంటాం, పాలకూరకు. అంచు కుట్టి ఇచ్చే దుకాణం ఉంటే మీటరుకు రెండు రూపాయలు ఎక్కువైనా అక్కడే తీసుకుంటాను.