టెన్నిస్ బౌన్సా, ప్యాడెల్ బౌన్సా?

బరంపురంలో టెన్నిస్ ఆడే మన కుర్రాళ్లు ఫోన్‌లో ప్యాడెల్ (చుట్టూ గోడలున్న కోర్టులో ఆడే, టెన్నిస్ లాంటి ఆట) చూసి తికమకపడేది గోడ దగ్గరే. టెన్నిస్‌లో బంతి లోపల పడి వెనక కంచెకు తగిలిందంటే పాయింట్ అయిపోయినట్టే. ప్యాడెల్‌లో అసలు మజా అక్కడే మొదలు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు, చుట్టూ అద్దం, ఇనుప జాలీ. నేల మీద ఒకసారి పడ్డాక గోడకు తగిలి వచ్చిన బంతినీ కొట్టొచ్చు, రెండోసారి నేల తాకకూడదంతే. కానీ మనం కొట్టింది నేల తాకకుండా నేరుగా అవతలి గోడకు తగిలితే పాయింట్ వాళ్లదే.

సర్వీసుకో మెలిక: బంతి అవతలి సర్వీసు గడిలో పడి అద్దానికి తగిలితే సరే, జాలీకి తగిలితే ఫాల్ట్. పైనుంచి బాదుడు కుదరదు; బంతిని నేలకు కొట్టి, నడుం ఎత్తు దాటకుండా కొట్టాలి. నా ఓటు ప్యాడెల్‌కే, ర్యాలీ (బంతి అటూ ఇటూ సాగడం) ఓ పట్టాన తెగదు! లెక్క మాత్రం అదే 15, 30, 40.